రాణిగారి స్నానాల తొట్టి

మాడుగుల వెళ్ళే దారిలో ఒక పాత దివాణం ఉంది. ఇప్పుడు దాన్ని దివాణం అనకూడదు, హెరిటేజ్ బంగ్లా అనాలి. పేరు మారగానే టికెట్టు కూడా వచ్చింది. ఆ బంగ్లా పెరట్లో ఒక పెద్ద ఇనప తొట్టి, దాని నిండా నీళ్ళు, నీళ్ళ మీద గులాబీ రేకులు, పక్కన బంగారు అక్షరాల బోర్డు: "రాణిగారి స్నానాల తొట్టి". చూడ్డానికి వచ్చిన జనం అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడేది అక్కడే. ఆ తొట్టి నేనే అమ్మాను. రాణిగారిని మాత్రం ఊరికే ఇచ్చాను.

మా నాన్నది అనకాపల్లిలో ఇనపసామాను కొట్టు. గునపాలు, పారలు, బకెట్లు, బెల్లం వండే పెనాలు. మా కొట్టుకి అటు బట్టలకొట్టు, ఇటు కిరాణా, ఎదురుగా బెల్లం వర్తకులు. అలాంటి వీధిలో పెరిగినవాడు అడిగిన ధర ఇచ్చేస్తే ఇంట్లో జ్వరం వచ్చిందేమోనని చెయ్యి పట్టుకు చూస్తారు. డాక్టరు అయిదు రోజులు మందు వేసుకోమంటే మూడు రోజులకి ఖాయం చేసుకుని వచ్చే రకాలం మేము. నాన్న పోయాక ఆ కొట్టు, ఆ నోరు రెండూ నాకే వచ్చాయి.

రెండేళ్ళ కిందట బంగ్లా మేనేజరు పాత సామాన్లు వెతుక్కుంటూ మా కొట్టుకి వచ్చాడు. వెనక గోడకి ఒక బెల్లం పెనం ఆనించి ఉంది. ఏదో ఊళ్ళో పొయ్యి ఎత్తేస్తే తుక్కు కింద వచ్చింది. మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, అంత వెడల్పు. మేనేజరు దాన్ని వేలితో కొట్టి చూసి, "ఇనుమే కదా" అన్నాడు.

అలా అన్నాక ఇనపకొట్టువాడు ఊరుకుంటాడా?

"ఇనుమే. కానీ ఎవరు స్నానం చేసిన ఇనుమనుకున్నారు?" అన్నాను.

ఆ మాట నేను ముందుగా అనుకుని అన్నది కాదు. బేరం మధ్యలో నా నోరు నన్ను అడక్కుండా పనిచేస్తుంది. ఎవరండీ అని అతను అడిగాడు. నేను ఒక నిట్టూర్పు విడిచి, మీ దివాణం రాణిగారే అన్నాను. అంచుకి నాలుగు కడియాలెందుకని అడిగితే, పట్టు తెరలు కట్టడానికి అన్నాను. అడుగు అంత నల్లగా ఉందేమంటే, సాంబ్రాణి పొగ అన్నాను. మనిషి ఎంత చదువుకున్నాడో గాని, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ధర విషయంలో కూడా పెద్దగా చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి హల్వా తీసుకెళ్ళాను.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. మొన్న శీతాకాలంలో మా అత్తగారు కంటి పరీక్షకని మా ఇంటికొచ్చి నాలుగు రోజులున్నారు. చూపు బాగుందని డాక్టరు చెప్పాక, ఇంటికి వచ్చే దారిలో ఆటోలో అడిగారు.

"బాబూ, మా దివాణం ఇప్పుడు అందరికీ సూపిత్తన్నారట కదా. ఒకసారి తీసుకెల్తారేటి?"

ఆవిడది ఆ చుట్టుపక్కల ఊరే. చెరకు గానుగాడే క్రషింగు రోజులొస్తే వాళ్ళమ్మ దివాణం వాళ్ళ పొయ్యిల దగ్గర బెల్లం వండడానికి వెళ్ళేదట. చిన్నప్పుడు మా అత్తగారు వెనక గేటు దగ్గర ఆకు పట్టుకుని నిలబడితే, వాళ్ళమ్మ వేడి పాకం ఒక గరిటెడు వేసి పంపేసేదట. లోపలికి మాత్రం రానిచ్చేవారు కాదు.

"మాయమ్మ నించున్న కాడ ఒక్కపాలి నించుంటాను. అంతే. ఇంకేటీ అక్కర్నేదు," అన్నారు.

వాళ్ళమ్మ నిలబడిన చోట ఇప్పుడు కార్లు నిలబడుతున్నాయని నాకు తెలుసు. పొయ్యిలన్నీ పూడ్చి పార్కింగు చేశారు. అక్కడ వంటకి సంబంధించిన వస్తువంటూ మిగిలింది నా రాణిగారి తొట్టి ఒక్కటే. ఆ వారమంతా కొట్టులో తీరిక లేదన్నాను. ఆవిడ మర్నాడు పొద్దున్నే మంచి చీర కట్టుకుని కూర్చున్నారు.

టికెట్ల దగ్గర నా విద్య ప్రదర్శించాను. పెద్దవాళ్ళు కదా, పాతికేళ్ళ మోకాళ్ళకీ డెబ్బై ఏళ్ళ మోకాళ్ళకీ ఒకటే రేటా, ఆవిడ మేడ ఎక్కలేరు, అంటే సగం బంగ్లాయే చూస్తారు, దానికి పూర్తి టికెట్టెందుకు, అన్నాను. కౌంటరులో మనిషి విసిగిపోయి ఆవిడకి ఊరికే ఇచ్చేస్తానన్నాడు. నేను గెలిచినవాడిలా వెనక్కి తిరిగాను.

"ఊరికే వద్దు," అన్నారు అత్తగారు. "మాయమ్మ ఊరికే ఎనక గేటునించి ఎల్లేది. నాను డబ్బిచ్చి ముందు గేటునించే ఎల్తాను. నా టికెట్టు నానే కొంటాను." కొన్నారు. పూర్తి రేటుకి. తరవాత మేడ కూడా ఎక్కారు, నాకన్నా ముందు.

గైడుకి ముప్పై ఏళ్ళుంటాయి. తలపాగా చుట్టి, నడుముకి జరీ పట్టీ కట్టి, చెవిలో బ్లూటూత్ పెట్టుకున్నాడు. మాతో పాటు విశాఖపట్నం నుంచి వచ్చిన పదిమంది దాకా ఉన్నారు. రాజుగారి తుపాకి చూపించాడు, రాజుగారి కుర్చీ చూపించాడు, రాజుగారు కొండమీద పులిని కొట్టి నిలబడ్డ ఫొటో చూపించాడు. పులి మొహంలో ఉన్న ఓపిక రాజుగారి మొహంలో లేదు. నిలువుటద్దం సీమ నుంచి ఓడలో వచ్చిందన్నాడు. ఈ దేశంలో ఏ పాత ఇంటికి వెళ్ళినా అద్దం ఓడలోనే వస్తుంది. దానికి అప్పుడు డబ్బెక్కడిదన్న మాట మాత్రం ఎవరూ చెప్పరు. కిటికీలోంచి చూస్తే చుట్టూ చెరకే.

పైన కప్పుకి వేలాడుతున్న గుడ్డ పంకా దగ్గర గైడు ఆగాడు. "రాజావారు భోజనం చేస్తున్నంతసేపూ దీన్ని తాడుతో లాగేవారు మేడమ్."

"ఎవులు లాగేవారు?" అన్నారు అత్తగారు.

"సర్వెంట్స్, మేడమ్."

"ఏ ఊరోళ్ళు?"

అతని కాగితంలో ఆ సంగతి లేదు. నవ్వి పక్క గదిలోకి నడిచాడు. అక్కడ వెండి కంచాలు. "ఇయి ఎవులు తోమేవారు బాబూ?" నున్నటి గచ్చు. "ఇది తుడిసిందెవులు?" విశాఖపట్నం వాళ్ళు మొదట నవ్వారు. తరవాత, ఆవిడ ఏమడుగుతారా అని గైడు కన్నా ముందు ఆవిడ వైపే చూడ్డం మొదలుపెట్టారు. ఆవిడ వెటకారానికి అడగడం లేదు. ఎవరో ఒకరు వాళ్ళమ్మ మాట ఎత్తుతారని చూస్తున్నారు. నాకు మాత్రం పెరడు దగ్గరపడుతున్న కొద్దీ చొక్కా తడిసిపోతోంది. ఎండ ఎక్కువగా ఉంది, ఇక్కడితో చాల్లెండి, క్యాంటీనులో టీ తాగుదాం అన్నాను. టీ నేను కొంటానన్నాను. అది విని కూడా ఆవిడకి అనుమానం రాలేదు.

పెరట్లో తొట్టి దగ్గర ఒకమ్మాయి రేకులు విరజిమ్ముతుంటే, వాళ్ళాయన వంగి ఫొటో తీస్తున్నాడు. గైడు గొంతు సవరించుకున్నాడు. రాణిగారు ఉదయం ఇందులోనే పన్నీటి స్నానం చేసేవారని, ఈ కడియాలకి పట్టు తెరలు కట్టేవారని, అడుగున ఉన్నది సాంబ్రాణి పొగ మసి అని, నా అబద్ధాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నేను చెప్పినప్పుడు ఇంత బాగా లేదు.

అత్తగారు తొట్టి చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి అడుగున చెయ్యి పెట్టి చూసుకున్నారు. కడియం పట్టుకుని ఊపారు.

"ఇది బెల్లం పెనం కదేటి."

"కాదు మేడమ్, రాణిగారు..."

"దీన్లో రాణీగారు తానం సేసేరా? ఉడికిపోదా బాబూ ఆ తల్లి?"

అందరూ గొల్లుమన్నారు. ఆవిడ నవ్వలేదు. కడియం చూపించి మామూలుగా చెప్పుకుపోయారు. "దీన్లో కర్ర దూరుత్తారు. పాకం దిగినాక నలుగురు పట్టుకుని ఒంచుతారు. ఒకడి సెయ్యి జారిందంటే పాకం ఒలికిపోద్ది. మాయమ్మ కాలు అలాగే కాలిపోయింది. ఇదే పెనమని నాననను, ఇలాటిదే. మరి రెండోవారానికే పనిలోకి ఎల్లిపోయింది, సీజను కదా." ఫొటో తీయించుకుంటున్న అమ్మాయి చేతిలో మిగిలిన రేకుల్ని ఏం చెయ్యాలో తెలీక అలాగే పట్టుకుంది.

గైడు పాపం మంచివాడు. ఇరుకున పడి, చుట్టూ చూసి, నన్ను గుర్తుపట్టాడు. తొట్టిని తీసుకెళ్ళడానికి మా కొట్టుకి బండితో వచ్చింది అతనే. "ఈ సారు కొట్లోదేనండీ. హిస్టరీ కూడా సారే చెప్పారు."

మా అత్తగారు నా వైపు తిరిగారు.

"మీరు అమ్మేరా?"

"అమ్మేను అత్తా."

"పెనమని తెల్దేటి మీకు?"

ఇనపకొట్టులో పుట్టినవాడు తెలీదని ఎలా అంటాడు? "తెలుసు. బేరంలో అలా వచ్చేసింది," అన్నాను.

"రాణీగారి పేరు సెప్తే ఎంత ఎక్కువొచ్చింది?"

చెప్పాను.

"అంతేనా?" అన్నారు.

నా జీవితంలో నా బేరాన్ని చాలామంది తిట్టారు. తక్కువకి అమ్మేశావని మాత్రం ఎవరూ అనలేదు. ఆవిడ పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చుని, "ఆ బోర్డు తీయించండి. మాయమ్మ పేరు రాయించండి. నానిక్కడే ఉంటాను," అన్నారు.

మేనేజరు గదిలో ఏసీ ఉంది. విషయం చెప్పాను. అతను తలపట్టుకున్నాడు. పెళ్ళికి ముందు ఫొటోలని జంటలు వస్తున్నది ఆ తొట్టి కోసమే, కూలిమనిషి పెనం అంటే ఎవరొస్తారు సార్ అన్నాడు. అరగంట వాదించుకున్నాం. చివరికి రెండు బోర్డులకి ఒప్పించాను. రాణిగారిది ముందు, అత్తగారి అమ్మది పక్కన, కాస్త చిన్నది. ఆ పరిస్థితిలో అది మంచి బేరమే. ఉత్సాహంగా వచ్చి అత్తగారికి చెప్పాను: "ఒప్పుకున్నాడు అత్తా. సగం సగం."

"మాయమ్మ కాలు సగం కాల్నేదు బాబూ," అన్నారు ఆవిడ.

మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఈసారి కూర్చోలేదు. నీ డబ్బు నీకు ఇచ్చేస్తాను, పెనం ఎత్తుకుపోతాను, రేపు బండి పంపుతున్నాను అన్నాను. మా వీధిలో అమ్మిన సరుకు వాపసు తీసుకున్నవాడు లేడు. మా నాన్న ఫొటోలోంచి దిగొస్తాడేమోనని కూడా అనిపించింది. మేనేజరు నా మొహంలోకి చూశాడు. ఇది బేరం కాదని అతనికి అర్థమైనట్టుంది, ఎందుకంటే నాకూ అప్పుడే అర్థమైంది. పెనం పోతే పెరట్లో మిగిలేది ఖాళీ గచ్చు. బోర్డు మారుస్తాను గాని, పువ్వులు మాత్రం ఉంటాయి అన్నాడు. బయటికొచ్చి అడిగాను. పువ్వులుండనీండి, మాయమ్మకి ఎవులూ పువ్వులెయ్యలేదు, అన్నారు అత్తగారు.

పది రోజుల తరవాత మళ్ళీ తీసుకెళ్ళాను. ఆవిడ టికెట్టు ఆవిడే కొనుక్కున్నారు. కొత్త బోర్డు మీద బెల్లం పెనం అని, వండినవాళ్ళ గురించి నాలుగు మాటలు, కింద వాళ్ళమ్మ పేరు ఉన్నాయి. గైడు ఇప్పుడు కడియంలో కర్ర దూర్చి మరీ చూపిస్తున్నాడు. తలపాగా తీయలేదు గాని, సాంబ్రాణి మానేశాడు. జంటలు ఫొటోలు దిగుతూనే ఉన్నారు. అత్తగారు పెనం అంచు పట్టుకుని, చెప్పులు పక్కన విడిచి, కాసేపు నిలబడ్డారు. ఎంతసేపని నేను గడియారం చూడలేదు.

ఆ పేరేమిటో ఇక్కడ రాయను. కావాలంటే వెళ్ళి బోర్డు మీద చదువుకోండి. టికెట్టు ఉంటుంది. బేరమాడకండి, నేను ఆడి చూశాను.