సున్నాతో భాగించానని పట్టిచ్చినవాడు

ఈ రోజు సెమినార్‌లో నా పరువు పోయింది. తీసినవాడు పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. మా ఇన్‌స్టిట్యూట్ పక్కనున్న ఝపటాపూర్‌లో నాతో ఒకే గదిలో ఉంటూ, నాతోపాటే గణితంలో పరిశోధన చేస్తున్న అప్పలరాజు.

నా పని మాత్రికల సమూహాల మాడ్యులర్ రిప్రెజెంటేషన్ల మీద. నా లెక్కల్లో ఉన్న అంకెలు సున్నా, ఒకటి, రెండు మాత్రమే. మూడు వచ్చిందంటే అది సున్నా కిందే లెక్క. నిరూపణలో ఒకచోట సమూహంలో ఎన్ని మాత్రికలున్నాయో ఆ సంఖ్యతో భాగించాను. అది మూడుకి గుణిజం. అంటే నేను భాగించింది సున్నాతో! నిన్న టీ కొట్టు దగ్గర ఈ సంగతి వాడొక్కడికే చెప్పుకుని, సెమినార్ వాయిదా వేయించుకోనా అని అడిగాను.

"ఎవుడు సూస్తాడ్రా? గబగబా సెప్పీసి బోర్డు తుడిసీ" అన్నాడు.

అలాగే చెప్పాను. డస్టర్ అందుకునేలోపే వెనక బెంచీలోంచి వాడే లేచాడు. నన్ను 'మిస్టర్' అని పిలిచి, ఆ భాగహారం ఎలా కుదిరిందని ఇంగ్లీషులో అడిగాడు. మా గైడు వాడి భుజం తట్టారు.

ఈ పూట వంట నా వంతు. వాడు కంచం పెట్టుకుని కూర్చున్నాడు.

"కోపమొచ్చీసిందేటి? నానడక్కపోతే ఇంకోడు అడిగీవోడు కాదేటి?"

వడ్డించాను. మారన్నం కూడా అడిగాడు. మీరైతే పెడతారా?