కాండిల్లి మేడలోకి వచ్చిన ఓడ

కాండిల్లిలో నీటి అంచునే ఉన్న ఆ పాత చెక్క మేడకు బెహియె ముప్ఫై ఏళ్లుగా కాపలా మనిషి. బోస్ఫరస్ జలసంధి గోడను ఒరుసుకుంటూ పారుతున్నా, ఆమె గది మాత్రం వెనక కొండవైపు. యజమానులు వేసవిలో వచ్చిపోయేవారు. మిగతా కాలమంతా ఆమెను పలకరించే దిక్కు, రొట్టెలు తెచ్చే పడవవాడు దుర్ముష్ ఒక్కడే.

మార్చిలో ఒక పొద్దున పొగమంచు దట్టంగా కమ్మేసింది. బెహియె టీ మరిగిస్తుండగా ఓడ కూత చెవి పక్కనే మోగింది. మరుక్షణం ఇల్లంతా ఊగిపోయి ముందు గోడ ఫెళ్లున కూలింది. పరుగెత్తి చూస్తే, భోజనాల బల్లను నుగ్గు చేసి ఆగి ఉంది నల్లటి ఓడ ముక్కు.

పైనుంచి నెరసిన గడ్డం నావికుడొకడు తొంగిచూశాడు. పరాయి దేశస్థుడు. తన భాషలో ఏదో అడుగుతున్నాడు.

"నాకేం కాలేదులే నాయనా! ముందు నువ్వు దిగు, టీ తాగుదువుగానీ," అంది బెహియె.

అతను తాడునిచ్చెన మీద దిగాడు. విరిగిన చెక్కల మధ్య కూర్చుని మూడు గ్లాసులు తాగాడు. ఆమె తన భర్త పోయిన సంగతీ, మోకాళ్ల నొప్పీ, తమ ఊరి చెస్ట్‌నట్ తోపులూ అన్నీ చెప్పుకొచ్చింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అతను శ్రద్ధగా తలూపాడు. అంతసేపు తన మాట విన్నవాళ్లు ఆమెకు గుర్తు లేరు.

మధ్యాహ్నానికి ఓడను వెనక్కి లాక్కుపోయారు.

పదిరోజులు జనం పడవలేసుకొచ్చి ఆ కంతను చూశారు.

"ఓడనే ఇల్లరికం తెచ్చుకున్నావటగా అత్తా!" అన్నాడు దుర్ముష్.

"అల్లుడైతే గోడ కట్టించి పోడట్రా, సన్నాసీ!"

తర్వాత జనం రావడం మానేశారు. యజమానుల కూతురు వచ్చింది.

"ఇల్లు అమ్మేస్తున్నాం పిన్నీ. మాతో ఆవలి ఒడ్డున షిష్లీకి వచ్చెయ్."

"కొన్నవాళ్లు వచ్చేదాకా ఉండనీ తల్లీ."

కూలిన చోట తెరచాప గుడ్డ కట్టించి, మంచం అక్కడికి మార్చుకుంది. పొద్దున్నే గుడ్డ తొలగిస్తే ఎదుటి ఒడ్డున వెనకటి సుల్తానొకడు నాలుగు నెలల్లో కట్టించిన రూమేలి కోట బురుజులు. ఏప్రిల్లో కొండంతా ఊదారంగు పూలు. నీళ్లు పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. ఇంత అందాన్ని పక్కన పెట్టుకుని ముప్ఫై ఏళ్లు గోడకేసి చూస్తూ పడుకున్నానా అనుకుంది. ఆ మాట చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. ఎదురుగా పోతున్న ఓడతోనే పైకి అనేసింది.

సెప్టెంబరులో కొన్నవాళ్లు వచ్చారు. దుర్ముష్ ఆమె మూటను పడవెక్కించాడు.

"నేరుగా ఆవలి ఒడ్డుకేనా అత్తా?"

"తొందరేముందిరా? కాస్త నడిమిదాకా పోయి ఆపు," అంది.

అతను తెడ్లు ఎత్తి పట్టుకున్నాడు. ప్రవాహం వాళ్లను మెల్లగా దక్షిణానికి తీసుకుపోతుంటే, ఆమె ఒకసారి ఈ ఒడ్డునూ, ఒకసారి ఆ ఒడ్డునూ చూస్తూ కూర్చుంది.