వాచీ అలిగిన వేళ

మా వలలను ఏళ్ల తరబడి చింపిన మునిగిన ఓడను చూడాలని, యాభై దాటాక సముద్రం అడుగుకు దిగాను. డైవింగ్ నేర్పే మా మేనల్లుడు నా చేతికి కొత్త వాచీ కట్టాడు. సిలిండర్‌లో మిగిలిన గాలి ఎంతో, గొట్టమేమీ లేకుండానే అందులో కనిపిస్తుందట. సిలిండర్‌కు గొట్టంతో వేలాడే పాత మీటరు కూడా ఉంది.

"ఇదుంటే గొట్టం మీటరెందుకత్తా, రేపు తీసెస్తాను. అంకె పోతే మాత్రం పైకొచ్చీడమే."

"ఉండనీరా. ముసిల్దాన్నయ్యాక బడికెళ్లి అంకెలు నేర్సుకున్నాను, రెండూ సదువుతాను."

ఓడ నల్లగా కనబడగానే వాచీలో అంకె పోయి గీతలు మిగిలాయి. వాడు పైకి పదమని బొటనవేలు చూపించాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గొట్టం మీటరు పట్టుకుని చూస్తే, సూది నూరు మీద ఉంది, ఇంకా సగం గాలి! వాడి అరచేతిలో వేలితో ఒకటి, రెండు సున్నాలు రాశాను. వాడు మీటరు చూసి, సరే అన్నట్టు వేళ్లు కలిపాడు. నేను చేయి సిలిండర్ వైపు తిప్పగానే వాచీలోకి అంకె తిరిగొచ్చింది. అదీ నూరే! నవ్వితే డైవింగ్ కళ్లద్దాల్లోకి సముద్రం నీళ్లొచ్చాయి. ఓడ అంచున మా వల ముక్క జెండాలా ఊగుతోంది.

పడవెక్కాక వాడన్నాడు: "వాచీ మంచిదే అత్తా, ఒకోపాలి అలుగుతాది."

"నీటడుగున దాన్నెవడు బతిమాల్తాడ్రా? గొట్టం మీటరు ఇప్పీకు. రేపు మళ్లీ దిగుతాను!"