ఆ పూట నేనూ విన్నాను

మొన్న మా పాప అరికాల్లో గాజుపెంకు గుచ్చుకుంటే, ధర్మవరంలో మా వీధి చివరి ఆస్పత్రికి ఎత్తుకుపోయాను. కాంపౌండరు స్పిరిట్ సీసా మూత తీయగానే ఘాటు ముక్కుకు తగిలింది. పాప బాగానే ఉంది, ముఖం తిప్పుకున్నది నేనే. పదిహేనేళ్లయినా ఆ వాసన తగిలితే నాకు ప్రేమలత మేడమే గుర్తొస్తారు. ఆమె గురించి ఎప్పుడో రాయాల్సింది. ధైర్యం చాలక ఊరుకున్నాను.

పెనుకొండ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా నా మొదటి ఉద్యోగం. మగ్గం నేసే ఇంట్లో పుట్టినదాన్ని. గైడ్లు బట్టీపట్టి పరీక్షలు గట్టెక్కానే తప్ప ఇంగ్లీషులో నాలుగు మాటలు కలిపి మాట్లాడిన పాపాన పోలేదు. తొమ్మిదో తరగతి గుమ్మం దాకా వెళ్లి, అక్కడే నిలబడి గైడు ఇంకోసారి తిరగేసుకునేదాన్ని. ప్రేమలత మేడం అక్కడ సీనియర్ ఇంగ్లీషు టీచరు. ఆమె హిందూపురం నుంచి, నేను ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చేవాళ్లం. మొదటి వారమే నన్ను పిలిచి, "చూడమ్మా, రేపట్నుంచి నాతో తెలుగులో మాట్లాడితే నాకు వినపడదు" అన్నారు. ఏదో మాటవరసకు అన్నారనుకున్నాను. ఒకరోజు స్టాఫ్‌రూమ్ తలుపు సందులో ఆమె కొంగు ఇరుక్కుంది. "మేడం, కొంగు!" అని అరిచాను. ఆమె ఆగకుండా నడిచారు. కొంగు పర్రున చిరిగింది. అప్పుడు వెనక్కి తిరిగి, ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పమన్నారు. చెప్పేదాకా వదల్లేదు. ఆ చిరిగిన కొంగుతోనే సాయంత్రం దాకా పాఠాలు చెప్పారు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఏడాది తిరక్కుండా నోరు మాత్రం తిరిగింది. ఈ రోజు నేను తింటున్న కూడు ఆమె పెట్టిందే, కాదంటే కళ్లు పోతాయి.

ఇంట్లో కొడుకు దగ్గరా అదే చట్టం. పేరు చిన్నూ, ఐదేళ్లవాడు. అవ్వతో తెలుగు, వీధిలో పిల్లలతో కన్నడం, అమ్మతో మాత్రం ఇంగ్లీషే. కాలేజీలో తను నోరు తెరిచినప్పుడల్లా అందరూ నవ్వేవారనీ, తన కొడుకును చూసి ఎవరూ నవ్వకూడదనీ మేడం ఒకసారి నాతో అన్నారు. అందులో తప్పేముంది? నాకూ న్యాయమే అనిపించింది. కాకపోతే అమ్మ ముందుకు వచ్చేసరికి వాడి గొంతు సన్నబడిపోయేది. అది నేను చూశాను. చూసీ పట్టించుకోలేదు.

ఒక ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దడానికి హిందూపురం, వాళ్లింటికి వెళ్లాను. మేడం అత్తగారు వంటింట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. చిన్నూ పెరట్లో కట్టెల దగ్గర ఆడుకుంటున్నాడు. ఉన్నట్టుండి వచ్చి గడపలో నిలబడ్డాడు. ముఖమంతా చెమటలు. ఒక చేత్తో ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా, తేలు..."

మేడం పేపరు మీది నుంచి తల ఎత్తలేదు. "ఇన్ ఇంగ్లీష్, చిన్నూ."

"మమ్మీ, ఐ..." ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి, "మమ్మీ, ఐ..."

నాకు వినబడింది. తేలు అన్న మాట స్పష్టంగా వినబడింది. లేచి అరవాల్సినదాన్ని. నేను చేసిందేమిటో తెలుసా? తేలు కుట్టిందని ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాను. ఆమె ముందు తెలుగు మాట్లాడి ఏడాదైంది మరి. వాడు గడపలో, నేను కుర్చీలో, ఇద్దరం మాట కోసం తడుముకుంటున్నాం. ఆమె ఎర్రపెన్నుతో మార్కులు వేస్తున్నారు. ఎంతసేపలా గడిచిందో చెప్పలేను. వాడు అక్కడే వాంతి చేసుకున్నాడు.

అవ్వ చేట పడేసి పరుగెత్తుకొచ్చింది. వాడి చెయ్యి చూసింది. "నీ ఇంగ్లీషు మీద మన్నుబొయ్య! తేలు కుట్టిందని బిడ్డ మొత్తుకుంటాంటే నీకు చెవుడొచ్చిందేమే?" అని కోడలి మీద అరిచింది. కట్టెల కింద ఉన్నది ఎర్రతేలు. అది కుడితే చిన్నపిల్లలు తట్టుకోలేరని మా సీమలో అందరికీ తెలుసు.

ఆటోలోనే వాడి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఆస్పత్రిలో స్పిరిట్ వాసన మధ్య డాక్టరు వంగి, "యాడరా నొప్పి? ఊపిరి ఆడతాండాదా?" అని అడిగాడు. వాడు డాక్టరు వైపు చూడలేదు. తల్లి ముఖం చూశాడు. చూసి, "ఐ యామ్ ఫైన్, థాంక్యూ" అన్నాడు. వాడికి తప్పు లేకుండా వచ్చిన వాక్యం అదే.

మేడం మంచం పక్కన కూలబడిపోయారు. "తెలుగులో చెప్పు నాయనా. నీకు దండం పెడతా. నేనేమీ అనను, యాడ నొప్పో చెప్పురా" అని వాడి పాదాలు పట్టుకున్నారు. వాడు నమ్మలేదు. ఇదీ పరీక్షేనేమో అన్నట్టు చూశాడు. ఆమె బతిమాలీ బతిమాలీ గొంతు పోయాక, "ఈడమ్మా" అని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

మర్నాటికి గండం గడిచింది. దేవుడి దయ, బతికి బట్టకట్టాడు. మేడం వాడికి ఇంగ్లీషు నేర్పడం మానలేదు. కాకపోతే ఆ తర్వాత వాడు ఏ భాషలో పిలిచినా పెన్ను కింద పెట్టేవారు. నాతో నెల రోజులు ఆ సంగతి ఎత్తలేదు. ఒక సాయంత్రం పెనుకొండ ప్లాట్‌ఫాం మీద, నాతో తెలుగులో అడిగారు.

"ఆ పొద్దు వాడు చెప్పింది నువ్వూ విన్నావు గదమ్మా?"

"విన్నాను మేడం."

"మరి ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"మీరంటే భయం మేడం."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పట్టాల వైపు చూస్తూ, "నా బిడ్డ పోతాడన్న భయం కంటే ఎక్కువా?" అన్నారు. ఇంతలో హిందూపురం రైలొచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయారు.

మేడం ఇప్పుడు లేరు. మా పాపకు ఇంగ్లీషు నేర్పుతున్నది నేనే. నేర్పించక తప్పదు, రాకపోతే పడే అవమానం నాకు తెలుసు. పాఠం అయ్యాక మాత్రం రోజూ ఒక మాట అడుగుతాను, తెలుగులోనే. "నేనంటే భయమా నీకు?" మామూలుగా అది వెంటనే "లేదు" అంటుంది. ఒక్కోరోజు ముందు నా ముఖం చూసి, ఆ తర్వాత "లేదు" అంటుంది. ఆ రోజు నాకు నిద్ర పట్టదు.