ఎవరికి దిగాలో తెలిసినవాడు

మా బావ లచ్చయ్య గుండె ఆగి పరమపదించాడన్న దుర్వార్త ములకలపల్లి బస్టాండులో చెవిన పడ్డప్పుడు నేను నమ్మలేదు. చెప్పిన మనిషిని కసురుకున్నాను కూడా. అంతకు ముందురోజే గదా, నా సైకిలుకు పంచరు వేస్తూ "నీ బండి కంటే నువ్వే జల్దీ పాతవడుతున్నవ్ రా" అని వెక్కిరించాడు! అక్క ఇంటికి చేరేసరికి గాని ఆ దారుణ సత్యం నా మనసుకు ఎక్కలేదు.

ఈ తరానికి ఆయన పంచరు షాపు లచ్చయ్యగానే తెలుసు. డెబ్బయ్యో దశకం చివర బూర్గంపాడు బడి మైదానంలో జరిగిన ఆగని సైకిలు పందెం చాలామందికి తెలియదు. నేల మీద కాలు మోపకుండా, తిండీ స్నానమూ సీటు మీదే కానిస్తూ, గుండ్రంగా తొక్కుతూనే ఉండాలి. చివరిదాకా మిగిలినవాడికి కొత్త సైకిలు. బావకు ఆ సైకిలు మీద ఆశ కన్నా పెద్ద పంతం ఇంకొకటి ఉండేది. ఆ రోజుల్లో మా వాడ మగవాళ్లు, పటేళ్ల ఇళ్లుండే మా ఊరి పెద్ద బజారుకు రాగానే సైకిలు దిగి నడిపించుకుపోవాలి. "గెల్చిన బండి మీద ఆ బజార్ల దిగకుండ పోత. గెల్చినోణ్ని ఎవడాపుతడు?" అనేవాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి ఇద్దరే మిగిలారు. అవతలివాడు తూలుతున్నాడు. మేం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అప్పుడే మా ఊరి పటేలు దండ పట్టుకుని మైదానంలోకి వచ్చాడు, బావను మెచ్చుకోవడానికే. ఆయన ఎదురు కాగానే బావ బ్రేకు పట్టి, చటుక్కున దిగి, పక్కకు ఒదిగి నిలబడ్డాడు.

"ఏందిరా, దిగినవేంది?" అన్నాడు పటేలు బిత్తరపోయి.

"తెల్వదు పటేలా. కాళ్లే దిగినయ్" అన్నాడు బావ. మైకులో అవుటన్నారు. జనం విరగబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

కొన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం బావ నన్ను ఊరి బయట చెలకలోకి లాక్కెళ్లి, నా నెత్తికి తువాలు చుట్టి, చేతికి కర్ర ఇచ్చి, తను సైకిలెక్కాడు. "నువ్వు పటేలువు. ఎదురు రా" అన్నాడు. నేను మీసం దువ్వుకుంటూ ఎదురొస్తే, నేనేనని తెలిసి కూడా ఆ మహానుభావుడు దిగిపోయేవాడు! దిగినప్పుడల్లా తనను తానే తిట్టుకునేవాడు. "పందెం పోతే పోయింది. భయం కాళ్లల్ల కూసున్నది రా, దాన్ని ఎల్లగొట్టాలె" అనేవాడు. మొదట్లో నేను పొట్ట పట్టుకుని నవ్వాను. పోను పోను నవ్వు రావడం మానేసింది.

ఒక ఉదయం చెప్పాపెట్టకుండా తన పాత డొక్కు సైకిలు మీదే పెద్ద బజారులోకి తిరిగాడు. నేను వెనక నడుస్తున్నాను. పటేలు అరుగు మీద ఉన్నాడు. "దిగురా!" అని ఆయన జీతగాడు అరిచాడు. ముందు చక్రం అటూ ఇటూ ఊగింది. పెడలు మీద నుంచి బావ కాలు లేచింది. నేను నడవలేక నిలబడిపోయాను. ఆ కాలు మళ్లీ పెడలు మీదే పడింది. "నమస్తే పటేలా" అంటూ ఒక చెయ్యెత్తి సాగిపోయాడు. ఏం ముంచుకొస్తుందోనని మా వాడంతా చాలా రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపింది. ఏమీ జరగలేదు. ఆ తర్వాత మావాళ్లెవరూ అక్కడ దిగలేదు.

బడి పంతులమ్మ ఎదురైతే మాత్రం బావ చివరిదాకా దిగేవాడు. శవం ఎదురైనా దిగేవాడు. అదేమిటని అడిగితే, "దిగుడు బంద్ చెయ్యలే. ఎవరికి దిగాల్నో నేనే చూసుకుంటున్న" అనేవాడు.

ఇక నన్ను పటేలును చేసే మనిషి ఈ లోకంలో లేడు. ఆ లోటు నాకు తీరేది కాదు. ఆయన పాడెను పెద్ద బజారు గుండానే మోసుకెళ్లాం. ఎదురొచ్చిన సైకిళ్లన్నీ ఆగాయి. పటేలు కొడుకు మోటారు సైకిలు దిగి, చెప్పులు విడిచి, పక్కకు ఒదిగి నిలబడ్డాడు. బావా, ఆ క్షణాన నువ్వు చూసి ఉంటే బిత్తరపోయి నన్నే అడిగేవాడివి: "ఏందిరా, ఆయన దిగిండేంది?"