ఆ నిశ్శబ్దం కోసం

మా చర్చి సంఘం ఆదివారం ఆరాధన అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ హాల్లో జరుగుతుంది. వారమంతా కిటకిటలాడే ఆ భవనంలో ఆ పూట మేము, వాచ్‌మన్ చాచా తప్ప ఎవరూ ఉండరు. నిరుడు ఒక ఆదివారం, జ్వరంతో ఇంట్లో ఉండిపోయిన అమ్మ ఎప్పటిలాగే నా ఫోన్ తీసేసుకుంది.

"ఆరు రోజులు దాంతోనే ఉంటవు. ప్రభువు దినం సుత ఎందుకే?"

ఆలస్యమైందని గబగబా లిఫ్ట్ ఎక్కాను. మూడో అంతస్తు దాటగానే అది కుదుపుతో ఆగి, లైటు ఆరిపోయింది. అలారం మోగలేదు. ఎంత అరిచినా, పైన హాల్లో పాటల డ్రమ్స్ హోరులో నా గొంతు నాకే వినబడలేదు.

పాటల తర్వాత నిశ్శబ్ద ప్రార్థన ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పు చేతిలో పట్టుకుని చీకట్లో కూర్చున్నాను. పాట అయిపోయిందనుకునేసరికి మళ్ళీ పల్లవి అందుకునేవారు.

చివరికి అంతా సద్దుమణిగింది. చెప్పుతో తలుపు దబదబా బాదాను. పైన కుర్చీలు జరిగాయి, మెట్ల మీద పరుగులు వినిపించాయి.

"ఫికర్ చెయ్యకు బేటీ, తీస్తున్నం," అన్నాడు చాచా బయటి నుంచి.

చిన్నప్పటి నుంచీ ఆ ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందా అని ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసింది ఆ ఒక్క ఆదివారమే.