ఎవరి బిళ్ల వాళ్లదే

విదేశాంగ శాఖలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా బాపు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని షిఫ్టులు బిడ్డా?" అని. షిఫ్టులుండవన్నాను. "గట్లయితే గదేం నౌకరి?" అని పెదవి విరిచాడు. గోదావరిఖనిలో షిఫ్టు లేని నౌకరిని ఎవరూ నమ్మరు. ఆ తర్వాత నాలుగు దేశాల్లో పనిచేశాను. పెద్ద పెద్ద విందుల్లో కూర్చున్నాను, మంత్రుల పక్కన నిలబడి ఫొటోలు దిగాను. ఆ ఫొటోలు చూసి ఆయన "మంచిగుంది" అని పక్కన పెట్టేవాడు. ఒక్క రోజు పని మాత్రం ఆయన్ని కదిలించింది. అది చెప్పాలంటే ముందు ఆయన చేసిన డ్యూటీ గురించి చెప్పాలి.

బొగ్గు గనిలో కాలికి దెబ్బ తగిలాక బాపును పైన దీపాల గదిలో వేశారు. కిందికి దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. బాపు ఆ బిళ్లను బోర్డు మీద మేకుకు తగిలిస్తాడు. షిఫ్టు అయ్యాక దీపం తిరిగిచ్చి బిళ్ల పట్టుకుపోతారు. బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని. ఎవరి బిళ్ల వాళ్లే తీసుకోవాలి, అదొక్కటే కట్టుబాటు. "ఇయ్యరాదె బావా, మావోడు ఎన్కనే వస్తుండు" అని ఎంత బతిమాలినా, "వచ్చినంక వాడే తీస్కుంటడు" అనేవాడు బాపు. తోడబుట్టినవాడిదైనా ఇచ్చేవాడు కాదు.

అందుకే ఆయనంటే కొందరికి గిట్టేది కాదు. "దీపాలు తుడిచేటోనికి ఇంత రువాబా?" అని మొహమ్మీదే అనేవాళ్లు. మా దగ్గర తండ్రి నౌకరీ కొడుక్కి రావడం ఆనవాయితీ. ఆయనకేమో నేనొక్కదాన్నే బిడ్డను. ఎదురింటి పెద్దమనిషి ఒకాయన "గా నౌకరి ఎవలకిస్తవు బావా, దీపాలకే ఇస్తవా?" అని ఎగతాళి చేసేవాడు. బాపు నవ్వి ఊరుకునేవాడు. నాకు ఒళ్లు మండేది, సిగ్గూ వేసేది. శిక్షణలో చేరిన మొదటిరోజు మీ నాన్న ఏం చేస్తారని అడిగితే "కంపెనీలో ఆఫీసు పని" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా మూడో పోస్టింగు గల్ఫ్‌లో. అక్కడ ఇళ్లు కట్టే ఓ సంస్థ మూతపడి, కూలీలను క్యాంపులో వదిలేసింది. చాలామంది మన తెలుగువాళ్లే. కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగితే, ముందుగా ఎనభై రెండు మందిని ఇంటికి పంపడానికి అనుమతి దొరికింది. పాస్‌పోర్టులు లేనివాళ్లు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక ప్రయాణపత్రం తయారు చేశాం. మామూలుగా ఆ కట్టంతా బస్సులో ఒక పెద్దమనిషి చేతికి ఇచ్చేస్తారు. నేను మాత్రం ఆ ఉదయం క్యాంపు గేటు దగ్గర, రెండు బస్సుల ముందు బల్ల వేసుకుని కూర్చున్నాను. ఎవరి కాగితం వాళ్లొచ్చి నా చేతిలోంచి తీసుకుని బస్సెక్కాలన్నాను.

శ్రీరాంపూర్ నుంచి వచ్చిన ఒకాయన తన కాగితం తీసుకుని కదల్లేదు. "మేడం, మావోనిది గూడ ఇయ్యుండ్రి. ఇద్దరిది ఒక్కటే రూము. వాడు ఆ బస్సుల కూసున్నడు."

"ఆయన్నే వచ్చి తీస్కోమనుండ్రి అన్నా," అన్నాను. ఆయన గొణుక్కుంటూ వెళ్లి బస్సెక్కాడు.

క్యాంపు మేనేజరు రెండు బస్సులూ ఎక్కి తలలు లెక్కపెట్టాడు. సరిగ్గా ఎనభై రెండు. నా బల్ల మీద మాత్రం ఒక కాగితం మిగిలింది, శ్రీరాంపూర్ ఆయన అడిగినదే. విమానానికి టైమవుతోందని మేనేజరు గొడవ. మా పై అధికారి ఫోన్ చేసి, "లెక్క సరిపోయిందిగా, అందరూ ఎక్కారని సంతకం పెట్టి పంపించండి" అన్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "తలలు సరిపోయాయి సార్, మనిషి సరిపోలేదు" అన్నాను. అన్నానే గానీ, నా మొండితనం వల్ల విమానం తప్పితే మిగతా అందరి నోటికాడి కూడూ నేనే తీసినదాన్నవుతాను.

నేనే బస్సెక్కి ఒక్కొక్కరి కాగితం చూశాను. రెండో బస్సు చివరి సీట్లో ఒకతను తలొంచుకుని కూర్చున్నాడు. పక్క క్యాంపు మనిషి. కాగితం లేకుండానే, ఎట్లాగోలా ఇంటికి పోవచ్చని ఎక్కాడట. రెండు చేతులూ జోడించి ఏడ్చాడు. "నీ కాయితం గూడ వస్తది తమ్మీ, నీ చేతిలనే పెడ్త" అని దింపాను. దింపుతుంటే నాకూ ఏడుపొచ్చింది.

మరి ఆ మిగిలిన మనిషి ఏడి? ఈ బస్సువాళ్లు ఆ బస్సులో ఉన్నాడనుకున్నారు, ఆ బస్సువాళ్లు ఈ బస్సులో ఉన్నాడనుకున్నారు. శ్రీరాంపూర్ ఆయన ఒక్క ఉదుటున దిగి గదుల వైపు పరుగెత్తాడు, వెనకే నేను. ఇనుప మంచం పై అంతస్తులో, దుప్పటి కింద, నిలువెల్లా జ్వరంతో పడున్నాడతను. తెల్లారి మాత్ర వేసుకుని కాసేపని ఒరిగాడట. సర్దిన బ్యాగు తలకిందే ఉంది.

"అన్నా, బస్సొచ్చిందా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

కాగితం చేతిలో పెడితే పట్టుకోలేకపోయాడు. నేనే వేళ్లు ముడిచి పట్టించాను. అప్పుడు సంతకం పెట్టాను. విమానాశ్రయంలో డాక్టరు చూసి సూది వేసి వెళ్లవచ్చన్నాడు. ఆలస్యానికి నేను తిన్న తిట్లకు లెక్కలేదు గానీ, ఎనభై రెండు మందీ వెళ్లారు. పక్క క్యాంపు అతనూ తర్వాతి విమానంలో వెళ్లాడు, కాగితం నా చేతి మీదుగానే తీసుకుని.

ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చివరికి, "అందరు పైకొచ్చిన్రా?" అన్నాడు.

"వచ్చిన్రు బాపు. ఒక్క బిళ్ల గూడ మిగల్లే."

"గట్లయితే నీ షిఫ్టు అయినట్టే బిడ్డా, ఇగ పండుకో," అన్నాడు. ఏ దేశంలో ఏ విందులోనూ నేనంత గొప్పదాన్నని అనుకోలేదు.

ఆ తర్వాత సెలవుకు వచ్చినప్పుడు ఇద్దరం చౌరస్తాలో చాయ్ తాగుతున్నాం. ఆ ఎదురింటి పెద్దమనిషే వచ్చి కూర్చుని, "ఇంతకు నీ బిడ్డ గా దేశాలల్ల ఏం కొలువు చేస్తది బావా?" అని అడిగాడు. బాపు దెబ్బతిన్న కాలు నెమ్మదిగా చాపుకుని, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నా నౌకరి ఎవలకిస్తవని అడిగినవు గదనే," అన్నాడు. "నా బిడ్డకే వచ్చింది."